మాట అంకె

కిటికీ ముందుకు రాగానే పెద్దమ్మ మొదటి నుంచీ మొదలుపెట్టింది. కూతురికి కాళ్ళు వాచడం, చెప్పులు పట్టకపోవడం, మెట్లెక్కుతూ మధ్యలో కూలబడిపోవడం, ఏదో నీరసమనుకుని తామిద్దరూ ఊరుకోవడం, చివరికి కిడ్నీలు రెండూ పాడయ్యాయని డాక్టరు చెప్పడం, ఒక్కటి వదలకుండా చెప్పుకొచ్చింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఏడుస్తూ ఊచల్లోంచి చెయ్యి లోపలికి పెట్టి గుమాస్తా చెయ్యి పట్టుకోబోయింది.

గుమాస్తా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఖాళీ లేదమ్మా."

"బాబ్బాబు, అలా అనకండి. ఊపిరాడక కొట్టుకుంటుంటే ఎమర్జెన్సీకి మోసుకొస్తున్నాం. ప్రాణం మీదకొస్తే గానీ డయాలసిస్ మిషను ఎక్కించడం లేదు. వారానికి రెండు వంతులు రాసిచ్చారు డాక్టరుగారు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళు పట్టుకుంటే మిషన్లు పిల్లలు పెడతాయా? తప్పుకోండి. తర్వాత ఎవరు?"

అతని వెనక గోడకి పెద్ద చెక్క బోర్డు ఉంది. అడ్డంగా వారాలు, నిలువుగా పూటలు, వరసగా మేకులు. ప్రతి మేకుకీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి వేలాడుతోంది. ఎవరి బిళ్ళ ఏ మేకుకి ఉంటే ఆ పూట వాళ్ళది. కింద మూలనున్న మేకుకి మాత్రం బిళ్ళలు గుత్తిగా, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వంతు దొరకని వాళ్ళవి అవి. కూతురి బిళ్ళ ఆ గుత్తిలో ఎక్కడుందో పైకి కూడా కనిపించడం లేదు.

వెనకవాళ్ళ మోచేతులు తగిలి పెద్దమ్మ పక్కకి జరిగింది. నడవాలో బెంచీ మీద కూర్చున్న పెద్దాయన కొంచెం జరిగి చోటిచ్చాడు. అతను టైలరు. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. ఒళ్ళో ఎవరిదో చొక్కా పెట్టుకుని చేత్తో అంచు కుడుతున్నాడు. భార్య లోపల మిషను మీద ఉంటే నాలుగు గంటలూ అతనికి ఇదే దుకాణం.

"ఏడవకండి చెల్లెమ్మా. ఆయనకి ఏడుపంటే పడదు. పొద్దుట్నుంచి ఆ కిటికీలో వినిపించేది అదే కదా," అన్నాడు.

"మరెలా అడగాలన్నయ్యా?"

"నాకూ తెలీదు. మాకు ఖాళీలున్న రోజుల్లో దొరికింది, సోమవారం, గురువారం. ఇప్పుడైతే నా మొహానికి ఎవరిస్తారు?" అని అతను ఆమె భుజాన ఉన్న సంచీ వైపు చూశాడు. "ఆ పట్టీ తెగేట్టుంది. ఇలా ఇవ్వండి."

ఆమె వద్దంటున్నా తీసుకుని, సూదిలో దారం మార్చి, పట్టీని రెండు మడతలు వేసి కుట్టాడు. పళ్ళతో దారం తెంపి, లాగి చూసి ఇచ్చాడు. "ఇక సంచీ చిరగాలి గానీ పట్టీ తెగదు."

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని పనికి బయల్దేరింది.

*

పెద్దమ్మ పని ఒక ఆఫీసులో టీ కాయడం, గ్లాసులు కడగడం. ఆ ఆఫీసులో కంప్యూటరు ఆటలు తయారుచేస్తారు. పెద్దమ్మకి ఆ ఆటలు అర్థం కావు. కళ్ళద్దాలు పెట్టుకున్న పిల్లలు రోజంతా కత్తులూ కోటలూ చూసుకుంటూ కూర్చుంటారని మాత్రం తెలుసు. టీ మాత్రం అందరూ వేళకి తాగుతారు. అందరికీ ఆమె పెద్దమ్మే. ఆమె కన్న కూతురు తప్ప ఇంకెవరూ ఇంకోలా పిలిచి చాలాకాలమైంది.

ఆ రోజు మంచినీళ్ళ క్యాన్ల వాడు వస్తే వాణ్ణి వంటగది గుమ్మంలోనే నిలబెట్టింది.

"ఏం నాయనా, ఈ క్యాను సగమే ఉంది? మెట్ల మీద ప్రతి మెట్టుకీ దాహం తీర్చుకుంటూ వచ్చావా, మెట్లకే తాగించావా?"

"మూత లూజు పెద్దమ్మా, ఒలికిపోయింది."

"మూత లూజో, నువ్వు లూజో తేల్చుకుని రా. నిండు క్యాను వచ్చాకే ఖాళీ క్యాను తీసుకెళ్ళేది."

వాడు గొణుక్కుంటూ దిగిపోయాడు. గ్లాసు కోసం వచ్చి గుమ్మం పక్కన నిలబడిన ఇద్దరు నవ్వుతున్నారు. ఒకరు ఆటలో పాత్రలు మాట్లాడే మాటలు రాసే పిల్ల. మాటలమ్మాయి అంటారు ఆమెని. రెండో అతను ఆ మాటల్ని మనుషుల చేత పలికించి రికార్డు చేసే రికార్డింగాయన.

"దొరికింది చూడండి గొంతు," అంది మాటలమ్మాయి. "పెద్దమ్మా, నీ గొంతు ఒక పూట అరువిస్తావా?"

"గ్లాసులు?"

"గ్లాసులు నేను కడుగుతాలే."

"నువ్వు కడిగితే మళ్ళీ నేను కడుక్కోవాలి," అంది పెద్దమ్మ కొంగుకి చేతులు తుడుచుకుంటూ.

చిన్న గది. గోడలకి గరుకు స్పాంజి అంటించి ఉంది. లోపలికి వెళ్ళగానే తన ఊపిరి తనకే వినిపించింది. రికార్డింగాయన ఆమె నడుముకున్న తాళాల గుత్తి తీయించాడు. నైలాను చీర గరగరమంటోందని కొంగు ఒళ్ళో కుక్కించాడు. చెవులకి బరువైన డిప్పలు తగిలించి అద్దం అవతలకి వెళ్ళాడు. పెద్దమ్మ చదవాలంటే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. అందుకని మాటలమ్మాయి పక్కనే కూర్చుని ముందు తను చెబుతానంది.

"ఆటలో ఒక ముసలమ్మ ఉంది. కోట లోపల అంటురోగమని తలుపులు మూసేశారు. ఆవిడ మనవరాలు లోపలుంది. కాపలావాణ్ణి ఒప్పించి లోపలికి పోవాలి. ఆడేవాళ్ళు ఆ ముసలమ్మ అయిపోయి ఆడతారు."

"ఒప్పుకుంటాడా మరి?"

"అది అంకెని బట్టి. ప్రతి పాత్రకీ బలం, చురుకు, తెలివి, మాట అని అంకెలుంటాయి. మొదట్లో కొన్ని పాయింట్లిస్తాం. దేనికెంత పెట్టుకుంటారో ఆడేవాళ్ళ ఇష్టం. మాటకి ఎక్కువ పెట్టుకుంటే బలం తగ్గిపోతుంది. అన్నీ రావు."

"మాకు రెండింటికీ పెట్టకుండానే పంపించాడే పైవాడు. మిగిలిన పాయింట్లు ఎవరికి దోచిపెట్టాడో!"

డిప్పల్లో రికార్డింగాయన నవ్వు వినిపించింది.

"మాట అంకె రెండైతే ముసలమ్మ ఒకలా అడుగుతుంది," అంది మాటలమ్మాయి. "ఐదైతే ఒకలా, తొమ్మిదైతే ఒకలా. రెండుకి కాపలావాడు తల కూడా ఎత్తడు. తొమ్మిదికి తలుపు తీస్తాడు."

"వాడు అంకె చూస్తాడా, మాట వింటాడా?"

"అంకే చూస్తాడు పెద్దమ్మా. మాట వినేది ఆడేవాళ్ళు." ఆ పిల్ల కాగితం ఎత్తింది. "నువ్విప్పుడు రెండు చెప్పాలి. అయ్యా, నీ కాళ్ళు మొక్కుతా, నా మనవరాలు చిన్నపిల్లయ్యా, పొద్దుట్నుంచి తిండి లేదు, దానికి నేను తప్ప దిక్కు లేదు, ఇలా ఉంటుంది. నీకెలా వస్తే అలా చెప్పు."

పెద్దమ్మకి ఎలా వచ్చిందో అలానే చెప్పింది. మధ్యలో కాగితంలో లేనివి కూడా వచ్చాయి. అయిపోయాక అద్దం అవతల రికార్డింగాయన బొటనవేలు పైకెత్తాడు.

"ఒక్క దెబ్బకి ఓకే! రెండంటే ఇదీ. పోట్లాటలో తొమ్మిది, బతిమాలడంలో రెండు. మా పెద్దమ్మకి సాటి లేదు."

"బాగా చెప్పానా?"

"బాగా చెప్పలేదు," అంది మాటలమ్మాయి నవ్వి, "అందుకే బాగుంది."

పెద్దమ్మ కూడా నవ్వింది. వంటగదిలోకి వచ్చి గ్లాసులు తోముతుంటే, చెప్పిందంతా మళ్ళీ నోట్లో తిరిగింది. కాళ్ళు మొక్కుతా. దిక్కు లేదు. కిటికీ దగ్గర తను పొద్దున్న అన్నవే. ఎవరూ చెప్పించకుండానే అన్నవి. సబ్బు నురుగులో చేతులు అలాగే పెట్టుకుని కొంచెంసేపు నిలబడింది. తర్వాత నీళ్ళ కుళాయి విప్పింది.

*

మర్నాడు మళ్ళీ పిలిచారు. తొమ్మిది చెప్పడానికి పేరున్న నటిని పెట్టుకున్నారట. ఆవిడ గొంతూ పెద్దమ్మ గొంతూ ఒకే ముసలమ్మవిలా లేవని రికార్డింగాయన పట్టుబట్టాడు. మూడూ పెద్దమ్మే చెప్పాలి.

ఈసారి ఒక్క దెబ్బకి కాలేదు.

"ఏడుపు తీసెయ్యి పెద్దమ్మా," అంది మాటలమ్మాయి. "తొమ్మిది ఏడవదు. అయ్యా అనకు, బాబూ అను. నీ కష్టం చెప్పకు. ముందు వాడి కష్టం చెప్పు. ఎండలో నిలబడ్డావు, నీకు నీళ్ళిచ్చే దిక్కు లేదు, అందరూ నిన్నే తిడుతున్నారు, అను."

"నా మనవరాలు చస్తుంటే వాడి ఎండ సంగతి నాకెందుకు?"

"అదే కిటుకు. వాణ్ణి ఇంతవరకూ ఎవరూ మనిషిలా చూడలేదు. నువ్వు చూశావు. ఇప్పుడు నీ సంగతి ఒక్క ముక్కలో చెప్పు. నా మనవరాలు లోపలుంది. అంతే. కారణాలొద్దు. కారణాలు చెప్పేకొద్దీ అవి కాదనడానికి వాడికి సందు దొరుకుతుంది."

"తర్వాత తలుపు తియ్యమని అడగాలి."

"అడక్కూడదు! నన్నేం చెయ్యమంటావో నువ్వే చెప్పు, అనాలి. అడిగితే ఇవ్వనంటాడు. సలహా అడిగితే తనే పెద్దమనిషయి కూర్చుంటాడు. ఇక అక్కణ్ణుంచి నోరు మూసుకోవాలి."

"ఎంతసేపు?"

"వాడు మాట్లాడేదాకా."

అన్నిటికంటే కష్టమైంది అదే. నువ్వే చెప్పు బాబూ అన్నాక ఆ గదిలో చప్పుడుండదు. చెవుల్లో తన రక్తం పారుతున్నట్టు హోరు. ఆ హోరుని భరించలేక ప్రతిసారీ పెద్దమ్మ నోరు ఏదో ఒకటి అనేసేది. తండ్రీ అనేది. నీకు పుణ్యముంటుంది అనేది. ఒకసారి ఏమీ అనకుండా దగ్గింది.

"ఆ ఖాళీయే ముఖ్యం పెద్దమ్మా," అన్నాడు రికార్డింగాయన విసుగు దాచుకుంటూ. "కాపలావాడు తలెత్తే బొమ్మ అక్కడే పడుతుంది. నువ్వు మాట్లాడితే వాడి తల మళ్ళీ కిందికి పోతుంది."

చివరికి మాటలమ్మాయి ఆమె మణికట్టు పట్టుకుంది. "నేను వదిలేదాకా నోరు విప్పకు." పట్టుకునే ఉంది. పెద్దమ్మ పెదాలు బిగించింది. ఏదో లోపల నుంచి తోసుకొచ్చింది, మింగేసింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ మింగింది. ఆ పిల్ల చెయ్యి వదిలాక చూస్తే ఒళ్ళంతా చెమట.

"నిజంగా పనిచేస్తుందా ఇది?" అంది డిప్పలు తీసిస్తూ.

"ఆటలో పనిచేస్తుంది. నేనే రాశాను కదా."

"నీకెవరు నేర్పారు?"

"మా నాన్న. జన్మలో ఎవర్నీ ఏదీ అడిగి ఎరగడు. అన్నీ తెచ్చుకునేవాడు." ఆ పిల్ల కాగితాలు సర్దుకుంటూ ఉంది, మొహం కనిపించలేదు.

"తలుపు తీసినందుకు ఆ కాపలావాడి ఉద్యోగం ఏమవుతుంది మరి?"

మాటలమ్మాయి కాగితాల కట్ట చంకలో పెట్టుకుంది. "అది ఆటలో లేదు పెద్దమ్మా," అంది.

*

వాళ్ళది ఒకటే గది. కిటికీ కింద మంచం మీద కూతురు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరందదు. రోజుకిన్ని నీళ్ళని డాక్టరు కట్టడి చేశాడు. దాహమైనప్పుడల్లా తడిగుడ్డ పెదాలకి అద్దుకుంటుంది. గుడ్డ పీల్చొద్దని తల్లి చెబుతుంది. పీల్చడం లేదని ఆమె అంటుంది.

"నువ్వు గుమాస్తావి," అంది పెద్దమ్మ ఆమె ఎదురుగా పీట వేసుకుని. "ఆ దుప్పటి బల్ల. నేను వచ్చాను."

కూతురు మొహం ముడిచి గొంతు లావు చేసింది. "ఖాళీ లేదు, పొండి పొండి! నా కాళ్ళు అరిగిపోయాయి అందరూ పట్టుకుని."

ఇద్దరూ నవ్వారు. నవ్వితే కూతురికి ఆయాసం వచ్చింది. తగ్గేదాకా పెద్దమ్మ వీపు రాసింది. తర్వాత మళ్ళీ పీట మీద కూర్చుంది.

"బాబూ, పొద్దుట్నుంచి ఇంతమందికి మీరొక్కరే జవాబు చెబుతున్నారు. అందరూ మీ మీదే అరుస్తున్నారు. మిషన్లు తక్కువుండడం మీ తప్పా? మా అమ్మాయికి వంతు లేదు. నన్నేం చెయ్యమంటారో మీరే చెప్పండి."

నోరు మూసుకుంది.

కూతురు చూసింది. పెద్దమ్మ కూడా చూసింది. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. కూతురి కళ్ళ కింద ఉబ్బు, మెడ పక్కన గొట్టం పెట్టి అంటించిన ప్లాస్టరు, పొట్టు లేచిన పెదాలు. పెద్దమ్మ చెయ్యి చీర కుచ్చిళ్ళని పిండుతోంది గానీ నోరు కదల్లేదు.

"అబ్బ, చాల్లేమ్మా!" అంది కూతురు చివరికి. "భయమేస్తోంది. నువ్వు మాట్లాడకుండా కూర్చోవడం నా జన్మలో చూళ్ళేదు. వంతు ఇస్తాను, మిషను కూడా ఇంటికి పట్టుకుపో."

"నువ్వే ముందు మాట్లాడావు," అంది పెద్దమ్మ.

*

బుధవారం కిటికీ దగ్గర జనం పల్చబడేదాకా ఆగింది. చీర కొంగు సర్దుకుని, ఊచలకి దూరంగా నిలబడింది. చేతులు లోపలికి పెట్టలేదు.

గుమాస్తా తలెత్తకుండానే "ఖాళీ లేదు" అన్నాడు.

"తెలుసు బాబూ. మీరు పొద్దుట్నుంచి టీ కూడా తాగినట్టు లేరు. ఆ చివరాయన మీ మీద అంతలా అరవడం ఏం బాగాలేదు. మిషన్లు తక్కువుండడం మీ తప్పా?"

కలం ఆగింది.

"మా అమ్మాయికి వంతు లేదు. నన్నేం చెయ్యమంటారో మీరే చెప్పండి. మీరెలా చెబితే అలా."

గుమాస్తా తలెత్తాడు. కళ్ళజోడు తీసి ముక్కు రుద్దుకున్నాడు. ముక్కు మీద కళ్ళజోడు దిగిన గుంటలు ఎర్రగా ఉన్నాయి. అతనికీ వయసు మీద పడుతోందని పెద్దమ్మ అప్పుడే చూసింది. నాలుక కింద మాటలు గింజుకున్నాయి. కాళ్ళు వాచాయి బాబూ. ఒక్కతే కూతురు బాబూ. పెద్దమ్మ పళ్ళు బిగపట్టింది.

"కూర్చోండి," అన్నాడతను. కిటికీ అవతల కుర్చీ లేదని అప్పుడే గుర్తొచ్చినట్టు ఇబ్బందిగా నవ్వాడు. లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాడు. వేలు మేకుల మీదుగా మెల్లగా నడిచింది. ఒకచోట ఆగింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ అక్కడే ఆగింది.

"రెండేసి ఉన్నవాళ్ళలో ఒకరికి ఒకటి తగ్గిస్తే..." అని తనలో తను అనుకున్నట్టు అని, గురువారం ఉదయం మేకుకున్న బిళ్ళ తీశాడు. దాన్ని గుత్తి మీద పడేశాడు. ఇత్తడి మీద ఇత్తడి ఖణేలుమంది. గుత్తిని చేత్తో చెదిరించి వెతికి ఇంకో బిళ్ళ పైకి తీసి, ఖాళీ అయిన మేకుకి తగిలించాడు. "రేపు ఉదయం తీసుకురండి. వారానికొకటి ముందు. రెండోది తర్వాత చూద్దాం. మీలా ఓపిగ్గా మాట్లాడితే మాకు మాత్రం సాయం చెయ్యాలని ఉండదా?"

తీసిన బిళ్ళ ఎవరిదని అడగాలనుకుంది పెద్దమ్మ. అప్పటికి మూసుకున్న నోరు ఇంకా మూసుకునే ఉంది. దండం పెట్టి వచ్చేసింది. దారిలో ఒక్కొక్క అడుగూ తేలిగ్గా పడుతున్నట్టనిపించింది, ఎవరో వెనక నుంచి పిలుస్తారేమోననీ అనిపించింది. ఎవరూ పిలవలేదు.

*

గురువారం ఉదయం నర్సు కూతురి మెడ దగ్గరి గొట్టాలు మిషనుకి కలిపింది. పారదర్శకంగా ఉన్న గొట్టం ఎర్రబడుతూ పోయి మిషను చుట్టూ తిరిగి వచ్చింది. కూతురు కళ్ళు మూసుకుంది. కాళ్ళు దుప్పటి కింద తిన్నగా చాపుకుంది. అలా చాపుకుని పడుకోవడం పెద్దమ్మ చూసి ఎన్నాళ్ళయిందో. నర్సు ఆమెని బయటికి పంపించి తలుపు వేసింది. తలుపుకి పైన గుండ్రటి అద్దం ఉంది. అందులోంచి మంచం చివర, దుప్పటి కింద పాదాలు కనిపిస్తున్నాయి.

పెద్దమ్మ బెంచీ మీద కూర్చుందో లేదో, నడవా చివర టైలరు కనిపించాడు. భార్యని నడిపించుకొస్తున్నాడు. ఆమె కాళ్ళకి అతని చెప్పులున్నాయి, అవి కూడా మడమల దాకా పట్టలేదు. అతనివి ఉత్త కాళ్ళు. పెద్దమ్మని చూసి నవ్వి, భార్యని ఆమె పక్కన కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వెళ్ళాడు. నర్సు ఏదో చెప్పింది. కిటికీ వైపు చూపించింది.

కిటికీ దగ్గర మాటలు బెంచీకి వినిపిస్తూనే ఉన్నాయి.

"వారానికొకటి చేశాం. పైనుంచి ఆర్డరు. సోమవారం రండి."

"అయ్యా, రెండుంటేనే ఆవిడ తట్టుకోలేకపోతోందయ్యా..."

"అందరికీ ఉన్న కష్టమే. తర్వాత ఎవరు?"

టైలరు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మెడలో టేపు తీసి వేళ్ళకి చుడుతున్నాడు, విప్పుతున్నాడు. భార్య గోడకి తలానించి కళ్ళు మూసుకుంది. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో చిన్నగా ఈల వినిపిస్తోంది.

"మీకు దొరికిందా చెల్లెమ్మా?" అన్నాడు.

"దొరికింది."

"మంచిది. ఏ రోజు?"

పెద్దమ్మ సంచీని ఒళ్ళోకి లాక్కుంది. "ఈ రోజే అన్నయ్యా. పొద్దుటి పూట."

టేపు చుట్టడం ఆగింది. అతను తలుపు వైపు చూశాడు, అద్దంలోంచి కనిపిస్తున్న పాదాల వైపు చూశాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. అతను వచ్చి బెంచీ కొసన, భార్యకి అటు పక్కన కూర్చున్నాడు.

"మీ తప్పేముంది. ఆయనిచ్చాడు, మీరు పుచ్చుకున్నారు. నేనైనా అంతే చేస్తాను." తర్వాత భార్య మీదుగా ఇటు వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఏమని అడిగారు చెల్లెమ్మా?"

"ఏంటన్నయ్యా?"

"మొన్న మీరూ నాలాగే ఏడ్చారు కదా. అప్పుడివ్వలేదు. ఇప్పుడిచ్చాడంటే ఏదో అనే ఉంటారు. ఆ మాటేదో నాకూ చెప్పండి. మీ అమ్మాయిది తీసెయ్యమని కాదు. ఎక్కడో ఒకచోట సర్దుతాడేమో."

ఎక్కడో ఒకచోట. బోర్డు మీద ఖాళీ మేకు ఒక్కటి కూడా లేదని పెద్దమ్మకి తెలుసు. సర్దాలంటే వేలు మళ్ళీ మేకుల మీదుగా నడుస్తుంది. ఎక్కడాగుతుందో చెప్పలేం. నిన్న తగిలించిన బిళ్ళ తియ్యడం అన్నిటికంటే తేలిక.

టైలరు ఎదురుచూస్తున్నాడు. చెప్పు అని వేలెత్తి బెదిరించలేదు. గుడ్డ కొలత అడుగుతున్నట్టు, శ్రద్ధగా చూస్తున్నాడు.

"ముందు అయ్యా అనకండి," అంది పెద్దమ్మ. "బాబూ అనండి. ఏడవకండి. ఊచలు పట్టుకోకండి."

"సరే."

"ముందు ఆయన కష్టం చెప్పండి. ఇంతమందికి ఒక్కరే జవాబు చెబుతున్నారు, మిషన్లు లేకపోవడం మీ తప్పు కాదు, అనండి. తర్వాత మీ సంగతి ఒక్క ముక్కలో చెప్పండి. ఆవిడకి ఒక్క వంతు సరిపోవడం లేదు. అంతే."

"కాళ్ళ సంగతి చెప్పొద్దా? నిన్న వాంతి చేసుకుంది."

"వద్దు. ఏదీ వద్దు. ఇమ్మని కూడా అడగొద్దు. నన్నేం చెయ్యమంటారో మీరే చెప్పండి, అనండి."

టైలరు పెదాలతో వల్లెవేసుకున్నాడు. మొదటిసారి అయ్యా అని మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాడు. రెండోసారి తప్పు లేకుండా చెప్పాడు. అతని గొంతు మెత్తగా, నిదానంగా ఉంది. తనకంటే బాగా చెబుతున్నాడనిపించింది పెద్దమ్మకి.

"ఇంకేమన్నా ఉందా చెల్లెమ్మా?"

లోపల మిషను ఒకసారి కూత పెట్టింది. పెద్దమ్మ అద్దం వైపు చూసింది. నర్సు వెళ్ళి ఏదో నొక్కింది. కూత ఆగింది. దుప్పటి కింద పాదం ఒకటి హాయిగా పక్కకి ఒరిగింది.

"అంతే అన్నయ్యా," అంది.

అతను లేచి, టేపు మెడలో సరిగ్గా వేసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"బాబూ, ఇంతమందికి పొద్దుట్నుంచి మీరొక్కరే జవాబు చెబుతున్నారు. ఇందాక నేను విసిగించాను, మనసులో పెట్టుకోకండి. మిషన్లు లేకపోతే మీరేం చేస్తారు? మా ఆవిడకి ఒక్క వంతు సరిపోవడం లేదు. నన్నేం చెయ్యమంటారో మీరే చెప్పండి."

గుమాస్తా తలెత్తాడు. కళ్ళజోడు తీశాడు. పెద్దమ్మకి కుర్చీ కాళ్ళు నేల మీద రాసుకున్న చప్పుడు వినిపించింది. అతను సగం లేచాడు. మొహం బోర్డు వైపు తిరిగింది. చెయ్యి పైకి లేచింది.

ఎవరూ మాట్లాడలేదు. నడవాలో ఎవరో చంటిపిల్లని జోకొడుతున్నారు.

టైలరు వెనక్కి కట్టుకున్న చేతులు విడిపోయాయి. ఒక చెయ్యి ఊచ పట్టుకుంది.

"అది కాదయ్యా," అన్నాడు, "ఆవిడకి కాళ్ళకి చెప్పులు కూడా పట్టడం లేదయ్యా. నిన్న రాత్రంతా కూర్చునే ఉంది. పచ్చి మంచినీళ్ళు తాగినా వాంతే. మొదట్లో మేం ఇది ఏదో గ్యాసనుకున్నామయ్యా, ఆ డాక్టరు దగ్గరికి పోతే..."

గుమాస్తా చెయ్యి కిందికి వచ్చింది. కుర్చీలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. "సోమవారం రమ్మన్నాను కదా. ఎన్నిసార్లు చెప్పాలి? తప్పుకోండి. తర్వాత ఎవరు?"

టైలరు కాసేపు అక్కడే నిలబడ్డాడు. వెనకవాళ్ళు జరిపితే జరిగాడు. తిరిగొచ్చి భార్య ముందు గొంతుక్కూర్చుని, ఆమె పాదాలకి జారిపోయిన చెప్పులు మళ్ళీ తొడిగాడు. ఆమె కళ్ళు తెరిచి అతన్ని చూసి, తర్వాత పెద్దమ్మని చూసింది.

"మీరు చెప్పినట్టే చెప్పాను చెల్లెమ్మా," అన్నాడతను తలెత్తకుండా. "మొదట లేచాడు కూడా. ఎక్కడన్నా తప్పానా?"

"లేదన్నయ్యా," అంది పెద్దమ్మ. "అన్నీ సరిగ్గానే చెప్పారు."